ఉచిత ఆటకు డబ్బు ఎవరు కడుతున్నారు?

(బెంగళూరులో ఒక తెలుగు సాంస్కృతిక సంఘం నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. శనివారం సాయంత్రం సిల్క్ బోర్డు కూడలి దాటుకుని ఇంతమంది వచ్చారంటే, విషయం మీద ఆసక్తి కంటే నిర్వాహకుల మీద అభిమానమే ఎక్కువ అయివుంటుందని అనుకుంటున్నాను. అయినా వచ్చినందుకు సంతోషం.

నన్ను మాట్లాడమని అడిగిన విషయం ఇది. వీడియో గేముల్లో వజ్రాలనీ, నాణేలనీ, దుస్తులనీ పదులు, వందల రూపాయలకు అమ్మే మైక్రోట్రాన్సాక్షన్ల పద్ధతి వ్యాపారంగా విజయం సాధించిందా, లేదా? నేను ఈ నగరంలోని గేమింగ్ సంస్థల్లో ఆదాయ లెక్కలు చూసే ఉద్యోగంలో చాలా కాలంగా ఉన్నవాణ్ణి కనుక, అంకెలతోనే మొదలుపెడతాను. ఫోర్ట్‌నైట్ గేము తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థకూ ఆపిల్‌కూ మధ్య కాలిఫోర్నియా కోర్టులో నడిచిన వ్యాజ్యంలో బయటికి వచ్చిన పత్రాల ప్రకారం, ఎవరైనా ఉచితంగా దించుకుని ఆడుకోగలిగే ఫోర్ట్‌నైట్ 2018, 2019 సంవత్సరాల్లో కలిపి 900 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ తన క్రీడల గేముల్లో, ఆటగాళ్ళ కార్డుల పొట్లాలు కొని సొంత జట్టు కట్టుకునే అల్టిమేట్ టీమ్ విభాగం ఒక్కదాని నుంచే 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో 162 కోట్ల డాలర్లు రాబట్టింది. ఆ గేములను మాత్రం కొనుక్కునే ఆడాలి. అంటే టికెట్టు కొని లోపలికి వచ్చినవాళ్ళ దగ్గర మళ్ళీ వసూలైన సొమ్ము అది. ఈ అంకెల ముందు నిలబడి పద్ధతి విఫలమైందని ఎవరూ అనలేరు.

అయితే అదే వ్యాజ్యంలో 2021 సెప్టెంబరులో వెలువడిన తీర్పులో ఇంకొక అంకె ఉంది. నా వృత్తిలో ఉన్నవాళ్ళం తరచుగా తలుచుకునేది దాన్నే. ఆపిల్ యాప్ స్టోర్ ఆదాయంలో దాదాపు 70 శాతం గేముల నుంచి వస్తోందని, ఆ గేముల ఆదాయాన్నంతా ఇస్తున్నది స్టోర్ వాడకందారుల్లో పదోవంతు కంటే తక్కువమంది అని న్యాయమూర్తి నమోదు చేశారు. నూటికి మిగిలిన తొంభై మందికి పైగా గేములకు దాదాపు ఏమీ ఇవ్వడం లేదు. ఏ వ్యాపారంలోనైనా నూటికి తొంభై మంది దుకాణంలోకి వచ్చి, చూసి, వాడుకుని, పైసా ఇవ్వకుండా వెళ్ళిపోతుంటే యజమాని తలుపు మూసేస్తాడు. ఇక్కడ మాత్రం వాళ్ళను ఇంకా ఇంకా రమ్మని ప్రకటనలకు డబ్బు పోసి మరీ పిలుస్తున్నారు. ఎందుకు? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఎందుకు చుట్టూనే తిరుగుతుంది.

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, త్వరగానే ముగిస్తాను. దక్షిణ కొరియాలో సాఫ్ట్‌వేర్ నకళ్ళ బెడద ఎక్కువగా ఉన్న రోజుల్లో, డిస్కులు అమ్మి లాభం లేదని గ్రహించిన నెక్సాన్ వంటి సంస్థలు ఆటను ఉచితంగా ఇచ్చి, తమ సర్వర్లో ఉండే వస్తువులను అమ్మడం మొదలుపెట్టాయి. సర్వర్లో ఉన్నదాన్ని ఎవరూ నకలు తీయలేరు. 2003లో వచ్చిన మేపుల్‌స్టోరీ ఆ దారిలోదే. పాశ్చాత్య దేశాల్లో ఈ కథ చెప్పేటప్పుడు అందరూ 2006 ఏప్రిల్‌లో ఆగుతారు. ఆబ్లివియన్ అనే గేములో గుర్రానికి తొడిగే కవచాన్ని బెథెస్డా సంస్థ రెండున్నర డాలర్లకు అమ్మకానికి పెట్టింది. లోకమంతా నవ్వింది, నవ్వుతూనే చాలామంది కొన్నారు. అసలు మలుపు 2009 అక్టోబరులో వచ్చిందని నా అభిప్రాయం. అప్పటిదాకా డబ్బు పెట్టి కొన్న యాపుల్లోనే లోపల కొనుగోళ్ళకు అనుమతి ఇచ్చిన ఆపిల్, ఆ నెలలో ఉచిత యాపులకూ ఆ తలుపు తెరిచింది. 2012లో క్లాష్ ఆఫ్ క్లాన్స్, క్యాండీ క్రష్ సాగా రెండూ ఆ తలుపులోంచే వచ్చాయి. క్యాండీ క్రష్ తయారుచేసిన కింగ్ సంస్థను 2016లో యాక్టివిజన్ బ్లిజర్డ్ 590 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఇక ఆ తొంభై మంది సంగతికి వద్దాం. మన ఊళ్ళలో జాతరకు ప్రవేశ రుసుము ఉండదు. గాజుల కొట్లో కొనేవాళ్ళు కొందరే, రంగులరాట్నం ఎక్కేవాళ్ళు కొందరే, ఎక్కువమంది ఊరికే తిరిగి చూసి పోతారు. కానీ ఆ ఊరికే తిరిగే జనమే రాకపోతే కొత్త గాజులు వేసుకుని తిరగాలనే కోరిక ఎవరికీ పుట్టదు. గేముల్లో స్కిన్ల, అంటే పాత్రలకూ ఆయుధాలకూ తొడిగే కొత్త రూపాల, అమ్మకం సరిగ్గా ఇలాగే నడుస్తుంది. తుపాకీకి బంగారు పూత పూస్తే గుండు వేగం పెరగదు. పాత్రకు కొత్త దుస్తులు వేస్తే ప్రాణం గట్టిపడదు. చూసేవాడు ఉన్నాడు కనుకనే ఆ దుస్తులకు విలువ. డబ్బు ఇవ్వని ఆటగాడు సంస్థకు భారమని బోర్డు సమావేశాల్లో అనేవాళ్ళను నేను చూశాను. వాడే లేకపోతే డబ్బు ఇచ్చేవాడు ఎవరి ముందు నిలబడతాడు?

మా అక్క కొడుకు మారతహళ్ళిలో ఉంటాడు, ఎనిమిదో తరగతి. ఉగాదికి ఏం కావాలిరా అని అడిగితే బట్టలు వద్దు, బీజీఎంఐలో, అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే తుపాకుల గేములో, చెల్లే యూసీ అనే నాణేలు కొనిపెట్టమన్నాడు. ఎందుకని అడిగాను. "మామయ్యా, మా అపార్ట్‌మెంట్ స్క్వాడ్‌లో అందరికీ సూట్లు ఉన్నాయి. నాకు మాత్రం మొదట్లో ఇచ్చిన బనీనే ఉంది. లాబీలోకి రాగానే బాట్ వచ్చాడు, బాట్ వచ్చాడు అంటున్నారు" అన్నాడు. ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే చోటు లాబీ. మనిషి ఆడుతున్నట్టు కనిపించే కంప్యూటర్ బొమ్మను బాట్ అంటారు. ఆ ఒక్క మాట పడకుండా ఉండడానికి వాడు పండుగ బట్టలు వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. వాడిని బాట్ అన్న పిల్లల్లోనూ ఎక్కువమంది ఏదో ఒక్కసారి కొన్నవాళ్ళే అయివుంటారు. సంస్థ ఏ ప్రకటనా ఇవ్వలేదు. అమ్మకం పని ఆ లాబీలో నిలబడ్డ పిల్లలే చేసిపెట్టారు.

ఈ సూత్రం అర్థంకాక దెబ్బతిన్న సంస్థలు ఉన్నాయి. అందులో పెద్దది 2017 నవంబరు నాటి స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 వ్యవహారం. అరవై డాలర్లు పెట్టి కొన్న గేములో డార్త్ వేడర్ వంటి ముఖ్య పాత్రలతో ఆడాలంటే 60,000 క్రెడిట్లు పోగుచేయాలి. అందుకు పదుల గంటలు ఆడాలి. మరోవైపు లోపల ఏముందో ముందుగా తెలియని పెట్టెలను డబ్బు ఇచ్చి కొనేవారికి యుద్ధంలో నిజంగా పనికివచ్చే బలం దొరుకుతుంది. ఆటగాళ్ళ ఫిర్యాదుకు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ రెడిట్ అనే చర్చావేదికలో ఇచ్చిన సంజాయిషీకి ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. ధరను పావువంతుకు తగ్గించినా జనం చల్లారలేదు. చివరికి గేము విడుదలకు ముందురోజు లోపలి కొనుగోళ్ళను పూర్తిగా ఆపేశారు. తర్వాతి ఏడాది మళ్ళీ తెచ్చినప్పుడు కేవలం రూపానికి సంబంధించిన వస్తువులనే అమ్మారు. అత్యాశ వల్లే ఇదంతా జరిగిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అత్యాశ ఉంది, కాదనను. అయితే లెక్కలవైపు నుంచి చూస్తే వాళ్ళు చేసిన తప్పు వేరు. డబ్బు ఇవ్వనివాడిని ఓడించి, అవమానించి పంపించే ఏర్పాటు అది. వాడు వెళ్ళిపోతే డబ్బు ఇచ్చినవాడికి ఖాళీ మైదానం మిగులుతుంది, ఖాళీ మైదానంలో గెలిచే బలాన్ని ఎవరూ రెండోసారి కొనరు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. క్యాండీ క్రష్‌లో ఎవరూ మనల్ని చూడరు కదా, అక్కడ ఎందుకు కొంటున్నారు? సందేహం న్యాయమైనదే. అక్కడ అమ్ముడయ్యేది ఓర్పు. ఐదు ప్రాణాలు అయిపోతాయి, ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట పడుతుంది. లేదా ఇంకో మూడు ఎత్తులు ఉంటే గెలిచేవాళ్ళం అనిపించేచోట ఆట ఆగుతుంది. ఆ క్షణంలో తెర మీద బొత్తాం కనిపిస్తుంది. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో కోట కట్టడానికి రోజులు పట్టేదీ ఇందుకే. ఈ పద్ధతి కూడా నడుస్తోంది, దశాబ్దం దాటినా నడుస్తోంది. దీనికీ జనం కావాలి, మరో కారణానికి. ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోతున్నారు, ఎంతమంది విసిగి యాప్ తీసేస్తున్నారు అన్న కొలత లక్షల మంది ఉచిత ఆటగాళ్ళ మీదే తీయాలి. ఆ కొలత లేకుండా మెట్టు ఎత్తును సరిచేయలేరు.

అదృష్టాన్ని అమ్మడం గురించి నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు, దాచుకోను. 2020 సెప్టెంబరులో విడుదలైన గెన్షిన్ ఇంపాక్ట్‌లో పాత్రలను లాటరీ చీటీ లాగినట్టు లాగాలి. అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర ఒక్కో లాగుడుకు వచ్చే అవకాశం 0.6 శాతం. తొంభయ్యో లాగుడులోపు ఒకటి తప్పక వస్తుందనే హామీ ఉంది కానీ, అది మీరు కోరుకున్న పాత్రే కావాలని లేదు. ఆదాయం రీత్యా ఇంతకంటే బలమైన పద్ధతి లేదు, ఎందుకంటే వస్తువుకు ధర అంటూ ఉండదు, కోరికకు ఎక్కడ ఆగాలో తెలియదు. ప్రభుత్వాలు మేల్కొన్నదీ ఇక్కడే. ఇలా లాగిన వస్తువులతో పూర్తి సెట్టు పోగుచేస్తేనే బహుమతి ఇచ్చే కాంప్లీట్ గాచాను జపాన్ వినియోగదారుల సంస్థ 2012లో చట్టవిరుద్ధంగా తేల్చింది. ఏ వస్తువు ఎంత శాతం అవకాశంతో వస్తుందో బయటపెట్టాలని చైనా పెట్టిన నిబంధన 2017లో అమల్లోకి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని గేముల్లోని లూట్ బాక్సులను, అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలను, జూదంగా ప్రకటించింది. నెదర్లాండ్స్‌లో మాత్రం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మీద వేసిన కోటి యూరోల జరిమానాను 2022 మార్చిలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టేసింది. ఒకే పెట్టె ఒక దేశంలో జూదం, పక్క దేశంలో కాదు. ఇరవై దేశాల్లో గేము అమ్మే సంస్థకు ఆదాయాన్ని ముందుగా అంచనా వేయడం ఎంత కష్టమో ఆలోచించండి.

దుకాణం ఎలా కడతారో ఒక్కసారి దగ్గరగా చూపిస్తాను. మీకు నచ్చిన అంగీ ధర 320 వజ్రాలు అనుకోండి. వజ్రాలను 100, 300, 650 చొప్పున మూటలుగానే అమ్ముతారు. మూడు వందల మూట కొంటే ఇరవై తక్కువ. ఇంకో వంద కొంటే ఎనభై మిగులుతాయి. ఆ ఎనభైతో కొనదగిన వస్తువు దుకాణంలో ఒక్కటీ ఉండదు, అలా లేకుండా చూసే ఉద్యోగి ఒకరు ఉంటారు. మిగిలిన ఎనభై మిమ్మల్ని మళ్ళీ లోపలికి లాగుతాయి. వజ్రం మధ్యలో ఉండడం వల్ల నిజంగా ఎన్ని రూపాయలు ఖర్చయిందో మనసుకు ఎక్కదు. పిల్లవాడి చేతిలో ఇది ఇంకా ప్రమాదకరం. పొరపాటున ఒక్క బొత్తాం నొక్కితే కొనుగోలు అయిపోయేలా దుకాణాన్ని కట్టినందుకు, పిల్లలు పెద్దల అనుమతి లేకుండా కొనేలా వదిలినందుకు ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇచ్చేలా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2022 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. ఆపిల్ 2014లోనే ఇటువంటి వ్యవహారంలో కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. తిరిగి ఇవ్వాల్సి వచ్చిన డబ్బును విజయం ఖాతాలో రాసుకోవచ్చా అన్నది లెక్కలు రాసేవాడిగా నాకు తీరని సందేహం.

ఇప్పుడు మన దేశం. ఈ సభలో స్టూడియో పెట్టాలనే ఆలోచన ఉన్న యువకులు కొందరు ఉన్నారని విన్నాను. వాళ్ళ కోసం ఒక ఊహాగణితం చేద్దాం. మీ గేమును లక్షమంది దించుకున్నారు. ఒక్కొక్కరిని రప్పించడానికి ప్రకటనలకు పది రూపాయలు అయింది. అంటే పెట్టుబడి పది లక్షలు. లక్షలో రెండు వేల మంది, అంటే రెండు శాతం, ఏదో ఒకటి కొన్నారు. ఒక్కొక్కరూ గేము వదిలేలోపు సగటున 300 రూపాయలు ఇచ్చారు. మొత్తం ఆరు లక్షలు. అందులో ధరలోనే కలిసివున్న 18 శాతం జీఎస్టీ తీసేయండి, మిగిలినదాంట్లో స్టోరు వాటా, చిన్న సంస్థలకు వర్తించే 15 శాతమే అనుకున్నా, అదీ తీసేయండి. చేతికి వచ్చేది సుమారు 4.3 లక్షలు. సగానికి పైగా నష్టం, గేము తయారీ జీతాలు ఇంకా లెక్కలోకి రాలేదు. ఇప్పుడు ఆ రెండు వేల మందితో పాటు ఇంకో యాభై మంది వచ్చి తలా 15,000 ఖర్చుపెట్టారని అనుకోండి. అన్నీ పోను ఇంకో 5.4 లక్షలు చేరి, పది లక్షల అంచుకు వస్తారు. లక్షమందిలో యాభై మంది. మా వాళ్ళు వేల్స్, అంటే తిమింగలాలు, అని పిలిచేది వీళ్ళనే. సంస్థ బతుకు ఆ యాభై మంది చేతుల్లో ఉందన్నమాట. వాళ్ళలో ఎవరు స్థోమత ఉన్న ఇంజనీరో, ఎవరు అప్పుచేసి కొంటున్న కుర్రాడో నా ముందున్న పట్టికలో కనిపించదు.

అందుకే మన దేశంలో చాలా గేములు ప్రకటనల మీదే బతుకుతున్నాయి. ముంబయిలో పుట్టిన లూడో కింగ్‌లో మీరు చూసే ప్రకటనలు అందుకే. యూపీఐ వచ్చాక చిన్న మొత్తాలు చెల్లించడం ఎంతో సులువైంది, క్రెడిట్ కార్డు లేని పిల్లవాడికి కూడా అమ్మ ఫోను ఉంది. ప్లే స్టోర్ చెల్లింపు విధానాల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది కూడా ఈ స్టోరు వాటా తగాదాలో భాగమే. ఆ వాటా తగ్గితే నేను చెప్పిన లెక్కలో కాస్త ఊపిరి వస్తుంది, ఎక్కువేమీ రాదు.

ఈ వ్యాపారానికి మన దగ్గర ఇంకో గండం ఉంది. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐగా తిరిగి వచ్చినప్పుడు పాత ఖాతాల్లోని వస్తువులను కొంతకాలం మార్చుకోనిచ్చారు. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్ళీ వచ్చింది. కొన్న దుస్తులు ఎవరి సొత్తు? నిబంధనల పత్రం చదివితే తెలుస్తుంది, మీకు అమ్మింది వాడుకునే అనుమతి మాత్రమే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెంగా కట్టి, డబ్బు గెలవాలనే ఆశతో ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌నూ సాధారణ గేములనూ వేరుగా గుర్తించింది. మన నగరంలో రమ్మీ, ఫాంటసీ క్రికెట్ సంస్థల్లో పనిచేసిన ఎందరో ఆ తర్వాత ఉద్యోగాలు వెతుక్కున్నారు, వాళ్ళలో కొందరు ఇప్పుడు ఈ స్కిన్ల వ్యాపారం వైపు వస్తున్నారు. అక్కడి అలవాట్లను ఇక్కడికి మోసుకురావద్దని మాత్రం వాళ్ళకు నా మనవి.

విజేతల పేర్లే చెబితే లెక్క తప్పుతుంది కనుక ఓడినవాటి మాటా చెప్పాలి. సోనీ సంస్థ 2024 ఆగస్టు 23న కాంకార్డ్ అనే గేమును నలభై డాలర్ల ధరకు విడుదల చేసింది. ఏళ్ళ తరబడి నడిపే ఆటగా తయారుచేసిన ఆ గేమును సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 6న, మూసివేసి డబ్బు వాపసు ఇచ్చింది. బొమ్మలు బాగాలేక కాదు, జనం లేక. అప్పటికే ఉచితంగా దొరికే పాత గేముల్లో మిత్రులున్నారు, కొన్న దుస్తులున్నాయి, వాటిని వదిలి ఎవరు వస్తారు? ఫిన్లాండ్‌లోని సూపర్‌సెల్ వంటి దిగ్గజమే తన కొత్త గేములను చాలావాటిని ప్రపంచానికి చూపకముందే చంపేస్తుంది. మరోవైపు 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఇటువంటి దుకాణమేదీ లేకుండా ఏడాదిలో రెండు కోట్ల కాపీలు అమ్మింది. 2023లో బాల్డర్స్ గేట్ 3 కూడా దుకాణం లేకుండానే గెలిచింది. ఒకసారి డబ్బు తీసుకుని పూర్తి ఆట చేతిలో పెట్టే పాత పద్ధతి చచ్చిపోయిందనే మాటను నేను నమ్మను. జనం ఇప్పటికే గుమిగూడిన చోట మైక్రోట్రాన్సాక్షన్లకు మించిన వ్యాపారం లేదు. జనాన్ని కొత్తగా పోగుచేయాల్సిన వాడికి ఇంతకంటే ఖరీదైన వ్యాపారమూ లేదు.

స్టూడియో పెట్టే మిత్రులు నన్ను విడిగా అడిగినప్పుడు చెప్పేదే ఇక్కడా చెబుతాను. మొదటి రోజే దుకాణం తెరవకండి. నెల తర్వాత నూటికి ఎంతమంది తిరిగి వచ్చి ఆడుతున్నారో చూడండి. ముగ్గురు నలుగురే మిగిలితే దుకాణంలో ఏం పెట్టినా చూసేవాడు లేడు, ఆటనే బాగుచేయండి. జనం నిలిచారని తేలాక ప్రకటనలు తీసేసే సౌకర్యాన్ని ఒక్కసారి చెల్లింపుతో, నేరుగా రూపాయల్లో ధర వేసి అమ్మండి. తర్వాత దుస్తులు. పెట్టెల జోలికి వెళ్ళకండి. బీజీఎంఐ తిరిగొచ్చిన కొత్తలో పద్దెనిమిదేళ్ళ లోపు వారికి రోజుకు 7,000 రూపాయల ఖర్చు పరిమితి పెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి రోజుకు ఏడు వేలు పరిమితి ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, మీరు పెట్టే పరిమితి నెలకు ఏడు వందలు దాటకుండా చూసుకోండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.